వేడి ఊళ్లలో రజాయి దండగా? కాదు, దూది బరువు చూసి కుట్టించుకుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉండేది విజయవాడ, ఇంట్లో ఒక్క గదికే ఏసీ. మీవారిది బదిలీల ఉద్యోగం. ఇదివరకు ఆదిలాబాద్‌లో ఉన్నారు, వచ్చే ఏడాది ఢిల్లీ వెళ్లాల్సి రావచ్చు. ఎనిమిది నెలల బాబు ఉన్నాడు. ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోసే ఊళ్లో రజాయి కొనడం దండగేనా, అమ్మ దాచిపెట్టిన పాత చీరలతో బొంత కుట్టించుకుంటే ఉపయోగం ఉంటుందా అన్నది మీ సందేహం.

నాది వరంగల్. పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టే పని మాది. మా నాన్న విల్లుతో దూది ఏకేవారు, నా కాలానికి ఏకే యంత్రం వచ్చింది. మీ ప్రశ్న మా దుకాణంలో ప్రతి కార్తీక మాసంలోనూ వినేదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రజాయి, బొంత రెండూ పనికొస్తాయి. అయితే మీకు కావలసింది ఒక మందపాటి రజాయి కాదు, రెండు పలుచనివి. ఒకటి పాత నూలు చీరల బొంత. రెండోది కిలో లోపు దూది పట్టే తేలికపాటి రజాయి. విజయవాడలో వేర్వేరుగా వాడతారు, ఆదిలాబాద్ లాంటి చోట రెండూ కలిపి కప్పుకుంటారు, ఢిల్లీ జనవరికి వాటి మీద ఒక ఉన్ని కంబళి చేరుస్తారు. ఏసీ లేని గదిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం విజయవాడలో ఏదీ కప్పుకోనక్కర లేదు. అప్పుడు బొంత పక్క కింద పరుచుకోవడానికి పనికొస్తుంది.

ఇక కారణాలు. మన ఊరు వేడి ఊరు అనేటప్పుడు అందరి మనసులో ఉండేది మధ్యాహ్నం ఎండ. రజాయి అవసరమా కాదా అన్నది మధ్యాహ్నాన్ని బట్టి తేలదు. తెల్లవారుజామున మూడింటి నుంచి ఆరింటి దాకా మీ గది ఎలా ఉందో చూడాలి. నిద్రలో మన ఒంటి లోపలి వేడి కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదల తెల్లవారే ముందు వేళకే బాగా కిందికి వస్తుంది. గది చల్లబడేదీ అప్పుడే. పది గంటలకు దుప్పటి తన్నేసిన మనిషి నాలుగింటికి కాళ్లు ముడుచుకుని దుప్పటి కోసం వెతుక్కునేది ఇందుకే.

ఆ వేళ ఎంత చల్లబడుతుందన్నది ఊరిని బట్టి చాలా మారుతుంది. సముద్రానికి దూరంగా ఉండి, గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉన్న చోట నేల తన వేడిని రాత్రంతా పైకి వదిలేస్తుంది. అందుకే ఆదిలాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకుని తిరిగినవాళ్లే రాత్రి చలిమంట వేసుకుంటారు. చలిగాలులు వీచే రోజుల్లో అక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోవడం మీరూ చూసే ఉంటారు. విజయవాడలో గాలి తేమగా ఉంటుంది, తేమ వేడిని అంత సులువుగా పోనివ్వదు. జనవరిలో కూడా సగటు కనిష్ఠం 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అదే ఆంధ్రలో వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దాకా వెళ్తుంది. కాబట్టి ‘తెలుగువాళ్లకు రజాయి ఎందుకు’ అని ఎవరైనా ఒక్క మాటతో తేల్చేస్తే ఒప్పుకోకండి. ఏ ఊరు, ఏ నెల, ఎలాంటి గది అన్నది అడగాలి.

చలి దేశాల వస్తువు మనకు ఎందుకు అనే మాట కూడా తరచూ వింటుంటాను. నిజానికి గుడ్డను పొరలు పొరలుగా పేర్చి కుట్టే పనిలో గొప్ప నైపుణ్యం వేడి నేలల్లోనూ పెరిగింది. సింధు ఎడారి వైపు రల్లీలు, బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుట్టే కవంది, మన ఇళ్లలో బొంత. ఇవన్నీ ఎండలు మండే ప్రాంతాలవే. సాధారణంగా వీటిలో దూది నింపరు. అరిగి మెత్తబడిన చీరలు, పంచెలు పేర్చి దగ్గర దగ్గరగా కుట్లు వేస్తారు. చలిని ఆపడం ఒక్కటే వాటి పని అయితే అంత శ్రమ పడేవారు కాదు. నేల మీద పరుచుకోవడానికి, పసిపిల్లలను పడుకోబెట్టడానికి, నులక మంచం తాళ్లు ఒంటికి గుచ్చుకోకుండా వేసుకోవడానికి, ధాన్యం బండి మీద వేసుకుని కూర్చోవడానికి, తెల్లవారుజామున పైకి లాక్కోవడానికి అన్నింటికీ ఒకటే బొంత.

బొంత ఉపయోగంలో సగం ఒంటి కింద ఉంది. ఇది దుకాణాల్లో ఎవరూ చెప్పరు, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. షాబాదు బండలు, గ్రానైట్, టైల్స్ ఒంటి వేడిని చాలా త్వరగా లాగేస్తాయి. చలికాలంలో వాటి మీద చాప ఒక్కటే వేసుకుని పడుకుంటే పైన ఎంత మందపాటి రజాయి కప్పుకున్నా నడుము పట్టేస్తుంది. మంచం మీద పడుకున్నా అంతే: నవారు మంచానికి అడుగు నుంచి గాలి ఆడుతుంది. వేసవిలో అది సుఖం, మాఘమాసంలో అదే వణుకు. కింద నాలుగు పొరల బొంత వేసుకుంటే పైన కప్పుకునే బరువు చాలా తగ్గించుకోవచ్చు. వేసవిలో ఇదే బొంతను ఫోమ్ పరుపు మీద పరచండి. ఫోమ్ వీపు కింద వేడిని, చెమటను పట్టి ఉంచుతుంది. మధ్యలో నూలు పొరలు ఉంటే చెమట అందులోకి ఇంకుతుంది, వీపు జిగటగా ఉండదు. వెన్ను అంతా చెమట పొక్కులు వస్తున్నాయని పరుపే మార్చేద్దామనుకున్న మా ఖాతాదారు ఒకాయన, ముందు బొంత వేసి చూడమంటే వేసుకుని, ఆ పరుపునే ఇప్పటికీ వాడుతున్నారు.

డాబా మీద పడుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. మేడ మీద, మబ్బులేని రాత్రి, ఒంటి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. చైత్రంలో కూడా తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడి ముక్కు కారుతుంది. అక్కడ కావలసింది వెచ్చదనం ఇచ్చేది కాదు, పైన ఒక అడ్డు. రెండు పొరల బొంత చాలు.

ఇప్పుడు దూది సంగతి. రజాయిలో మనల్ని వెచ్చగా ఉంచేది దూది కాదు, దూదిలో చిక్కుకున్న గాలి. నిద్రపోయే మనిషి ఒంటి నుంచి సుమారు 70 వాట్ల వేడి బయటికి వస్తుంది. కదలకుండా నిలిచిన గాలి ఆ వేడిని పోనివ్వదు. అందుకే బాగా ఏకి పొంగిన అరకిలో దూది, అణగారి గడ్డకట్టిన కిలో దూదికన్నా వెచ్చగా ఉంటుంది. పాత రజాయి చల్లగా ఉందని ఇంకో కిలో దూది వేయమని అడుగుతారు. నేనైతే విప్పి ఏకించి అదే దూది తిరిగి నింపమంటాను. రెండు మూడేళ్లకు ఒకసారి ఏకిస్తే ఒకే దూది చాలా ఏళ్లు వస్తుంది.

మన వాతావరణానికి వెచ్చదనంకన్నా ముఖ్యమైనది తేమ. సాధారణ గదిలో నూలు తన బరువులో దాదాపు ఎనిమిది శాతం తేమను తనలో పట్టి ఉంచుకోగలదు. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఉన్ని నూలుకు దాదాపు రెట్టింపు పడుతుంది. మన గొల్లలు, కురుమలు గొంగడిని చలికీ వానకీ ఒకేలా కప్పుకోగలగడానికి అదొక కారణం. రాత్రంతా మన ఒంటి నుంచి తెలియకుండానే నీరు ఆవిరవుతూ ఉంటుంది. నూలు దాన్ని పీల్చుకుని మెల్లగా బయటికి వదులుతుంది. కంఫర్టర్‌లో నింపే పాలిస్టర్ పీచు ఆ ఆవిరిని పెద్దగా పీల్చుకోదు, అది ఒంటి దగ్గరే నిలుస్తుంది. అందుకే అది కప్పుకున్న మనిషికి మొదట చలి, తర్వాత ఉక్క, తీసేస్తే మళ్లీ చలి. చాలామంది ‘నాకు రజాయి పడదు’ అంటారు. ఏది కప్పుకున్నారని ఆరా తీస్తే ఎక్కువగా పాలిస్టర్ దే అయి ఉంటుంది.

అలాగని ఆ పీచును పూర్తిగా తీసిపారేయలేను. హాస్టల్ పిల్లలకు, వాషింగ్ మెషీన్‌లో వేసి ఉతుక్కోవలసిన వాళ్లకు, దూది దుమ్ము పడని ఉబ్బసం రోగులకు అది ఉపయోగమే. కొంటే చదరపు మీటరుకు 100 నుంచి 150 గ్రాముల లోపు రకం, పైన కింద నూలు గుడ్డ ఉన్నది తీసుకోండి. లోపల ఏముందో చెప్పకపోతే కుట్టు మూల నుంచి చిటికెడు పీచు లాగి, ఇంటి బయట జాగ్రత్తగా కాల్చి చూడండి. దూది అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడుతుంది.

ఎంత దూది? ఒక మనిషికి సరిపడే, సుమారు ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు రజాయికి నేను వేసే లెక్క ఇది. కోస్తా ఊళ్లకు, ఏసీ గదికి 500 నుంచి 750 గ్రాములు. హైదరాబాద్, వరంగల్, బెంగళూరు లాంటి చోట్లకు కిలో, మహా అయితే కిలోంపావు. ఆదిలాబాద్, ఉట్నూరు, అరకు వైపు వాళ్లకు కిలోన్నర నుంచి రెండు కిలోలు. ఉత్తరాదిన వాడే రెండున్నర, మూడు కిలోల బరువు రజాయిలు మన దగ్గర వాడుక లేక అలమారలో పడి ఉంటాయి. విశాఖలో ఒక కుటుంబం పెళ్లికి కానుకగా వచ్చిన అలాంటి జంట రజాయిని తెచ్చి ఏం చేయమంటారని అడిగితే, దాన్ని విప్పి అదే దూదితో మూడు చిన్నవి చేసిచ్చాను. మూడూ వాడుకలో ఉన్నాయి. మీరు ఢిల్లీ గురించి భయపడి ఇప్పుడే బరువైనది కొనకండి. అక్కడ జనవరి సగటు కనిష్ఠం 7 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఇల్లు కూడా రోజుల తరబడి వెచ్చబడదు. అయినా ముప్పావు కిలో రజాయి, దాని పైన బొంత, ఆ పైన కంబళి వేస్తే పొరల మధ్య నిలిచే గాలి కూడా కలిసివచ్చి బరువు రజాయికి దీటుగా పనిచేస్తాయి. ఫాల్గుణం రాగానే ఒక్కొక్కటే తీసేయవచ్చు. బరువు రజాయిలో సగం తీసి పక్కన పెట్టలేరు కదా.

జైపూర్ రజాయి గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను. పావు కిలో దూదితో చేసినదని అమ్ముతారు. మంచి పనివాడు దూదిని పదే పదే ఏకి, చెత్త తీసి, పొంగించి, మెత్తటి మల్లు గుడ్డలో పరిచి ఒత్తుగా కుడితే అది నిజంగానే విజయవాడ జనవరికి, ఏసీ గదికి చక్కగా సరిపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన పని అది. ఆ పేరుతో పాలిస్టర్ పీచు నింపినవీ బజారులో చాలా ఉన్నాయి, పైన చెప్పిన పరీక్ష చేసి కొనండి. రెండు మల్లు పొరల మధ్య పలుచటి ఫ్లానెల్ పెట్టి కుట్టే దోహర్ కూడా ఇదే అవసరానికి మంచిది, ఇంట్లో ఉతుక్కోవచ్చు.

ఏసీ గది గురించి ఒక మాట. మనవాళ్లలో చాలామంది ఏసీ 18 దగ్గర పెట్టి మందపాటి కంఫర్టర్ కప్పుకుంటారు. ఇది నాకు బొత్తిగా నచ్చని అలవాటు. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 25, 26 దగ్గర పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుని, అరకిలో రజాయినో రెండు పొరల బొంతనో కప్పుకుంటే రాత్రి మధ్యలో లేవాల్సిన పని ఉండదు. ఏసీ గాలిలో తేమ తగ్గుతుంది కాబట్టి కోస్తాలో నూలు రజాయి హాయిగా ఉండే చోటు కూడా ఆ గదే.

బాబు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, అమ్మా. ఏడాది నిండేదాకా బాబుకు రజాయి, బొంత, దిండు ఏవీ పైన కప్పవద్దు, పక్కన వదులుగా పెట్టవద్దు. ముఖం మీదికి వస్తే పసివాడు తీసేసుకోలేడు, ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. ఒళ్లు మరీ వేడెక్కడం కూడా పసిపిల్లలకు మంచిది కాదు. పిల్లల వైద్యులందరూ చెప్పేది ఇదే. చలిగా ఉంటే మెత్తటి నూలు బట్ట ఒక పొర ఎక్కువ తొడగండి. 

ఇంట్లో పెద్దవాళ్లుంటే లెక్క వేరు. వయసు మళ్లినవాళ్లకు మనకు ఉక్కగా ఉన్న రాత్రి కూడా కాళ్లు చల్లబడతాయి. వాళ్లకు బరువైనది ఇవ్వకండి, పక్కకు తిరగలేక ఇబ్బంది పడతారు. తేలికపాటిది మోకాళ్ల దాకా వేస్తే చాలు. జ్వరం వచ్చినవాళ్లకు చెమట పట్టాలని రజాయిలు మీద రజాయిలు కప్పడం మానుకోవాలి. వేడి లోపలే ఉండిపోతుంది.

కోస్తాలో రజాయికి అసలు శత్రువు వానాకాలం. తేమలో దూది బూజు పడుతుంది, ముక్కిన వాసన వస్తుంది, దుమ్ము పురుగులు చేరుతాయి. దూది రజాయిని ఉతకకూడదు, లోపల ఉండలు కడుతుంది. అందుకే కొన్న రోజే దానికి నూలు గలీబు కుట్టించండి, ఉతికేది గలీబును. ఎండ కాసిన రోజున డాబా మీద నాలుగు గంటలు వేసి, మధ్యలో తిరగేసి, కర్రతో మెల్లగా దులపండి. వెంటనే మడవకండి, చల్లారాక మడవాలి; వేడిగా మడిచి పెట్టెలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. పాలిథీన్ సంచిలో ఎప్పుడూ దాచవద్దు. పాత పంచెలో మూట కట్టి, ఎండిన వేపాకు వేసి, గోడకు ఆనకుండా అలమార పై అరలో పెట్టండి. బొంతకు ఈ బాధ లేదు. ఉతకవచ్చు, పిండవచ్చు, ఆరేయవచ్చు. తడిస్తే బరువెక్కుతుంది కాబట్టి నలుగురు పడుకునే పెద్ద బొంత కన్నా ఒక్కరికి సరిపడేవి రెండు చేయించుకోవడం మేలు.

ఇక మీ అమ్మగారి చీరలు. తప్పకుండా కుట్టించండి. బాగా వాడి మెత్తబడిన నూలు చీరలు, వాయిల్ చీరలు మాత్రమే ఏరండి. సిల్కు, జార్జెట్, పాలిస్టర్ కలిపిన చీరలను వీటితో కలపవద్దు. ఉతికినప్పుడు నూలు ముడుచుకున్నట్టు అవి ముడుచుకోవు, బొంత ఉబ్బెత్తుగా ముడతలు పడుతుంది. జరీ అంచులు కత్తిరించేయండి, ఒంటికి గీరుకుంటాయి. ముదురు రంగు చీరలను విడిగా రెండుసార్లు ఉతికి, గంజి పూర్తిగా పోగొట్టి, నీడన ఆరేసి ఇవ్వండి. ఒక్కరికి సరిపడే నాలుగు పొరల బొంతకు మంచి చీరలైతే రెండు దాదాపు సరిపోతాయి, చిరుగులు తీసేయాల్సి వస్తుంది కాబట్టి మూడు పెట్టుకోండి. విజయవాడకు నాలుగు పొరలు మించవద్దు. బాగా అరిగినవి మధ్యలో, గట్టివి పైన, ఒంటికి తగిలే వైపు అన్నిటికన్నా మెత్తటిది ఉండాలి. కుట్టు వరుసల మధ్య అంగుళానికి మించి ఎడం ఉంటే ఉతికినప్పుడు లోపలి పొరలు జరుగుతాయి, చేతికుట్టు అయితే ఇంకా దగ్గరగా వేయమనండి. దారం నూలుదే వాడమని గట్టిగా చెప్పండి. నైలాన్ దారం తెగదు కానీ, పాత గుడ్డను కుట్టు వెంట కోసేస్తుంది.